తోక కుచ్చు లేని ఎలుక కోసం గవ్వలపాళెం దాకా

నెల్లూరు వెళ్ళొచ్చానంటే మా తణుకులో అందరూ అడిగేది ఒకటే, చేపల పులుసు తిన్నారా అని. తిన్నాను. దాని సంగతి తర్వాత చెబుతాను. నేను వెళ్ళింది మాత్రం పులుసు కోసం కాదండీ, ఎలుక కోసం. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు కాసేపు నా ముఖం చూసి, "మన ఊళ్ళో లేవా?" అంటున్నారు. ఉన్నాయి. మా ఇంట్లోనే ఉన్నాయి. కానీ వాటికి నా పేరు పెడతానని ఎవరూ అనలేదు.

జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. బొద్దింక జీర్ణవ్యవస్థని కళ్ళు మూసుకుని బోర్డు మీద గీసేస్తాను. బొమ్మలు గీయడం తప్ప ఆ శాస్త్రానికి నేను చేసిన సేవ ఏమీ లేదు. నా ఎమ్మెస్సీ క్లాస్‌మేట్ నరసింహం అలా కాదు, ప్రొఫెసరయ్యాడు. అయితే వాడికీ ఒక లోటుంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క కొత్త జంతువునీ కనిపెట్టలేదు. వాడి కింద చదువుకున్న కుర్రాడొకడు అప్పుడే రెండు గబ్బిలాలకీ ఒక కప్పకీ పేర్లు పెట్టేశాడు. నరసింహం రిటైర్మెంటు నెలల్లోకి వచ్చేసింది. అలాంటి సమయంలో ఫోన్ చేశాడు.

"ఒరే సుబ్బారావూ, నాకు ఎలుక దొరికిందిరా."

పోయినేడు నెల్లూరు వైపు ఏదో పెళ్ళికి వెళ్ళి, సముద్రం చూద్దామని గవ్వలపాళెం ఇసుక దిబ్బ ఎక్కాడట. అక్కడ పొద్దున్నే ఒక ఎలుక వాడి చేతికి చిక్కింది. వెనక్కాళ్ళు పొడుగు, కళ్ళు పెద్దవి, ఒళ్ళంతా ఇసుక రంగు. ఆ రకం ఎలుకలకి తోక చివర నల్లటి వెంట్రుకల కుచ్చు ఉండాలి. దీనికి లేదు. అదీ విశేషం. చర్మం ఒలిచి, దూది కూరి, పెట్టెలో దాచాడు. ఇంకో నాలుగు పట్టి, కొలతలు తీసి, వర్ణన రాసి అచ్చేయిస్తే అది కొత్త జాతి.

"బొమ్మలు నువ్వు గీయాలి. నీ పేరే పెడతాను. లాటిన్‌లో సుబ్బారావై అవుతుంది."

ఆ రాత్రి అన్నం తింటూ మా ఆవిడకి చెప్పాను. ఆవిడ మజ్జిగ పోస్తూ, "ఎలుకకా? మా పుట్టింట్లో చెప్పకండి," అంది.

గూడూరు

తెల్లవారుతుండగా గూడూరులో దిగాను. ప్లాట్‌ఫారం మీద నరసింహం చంకలో చెక్కపెట్టెతో నిలబడి ఉన్నాడు. దూది కూరిన ఎలుక అందులో ఉంది. దాన్ని వాడు మోసే తీరు చూసి పక్కనున్న ముసలాయన ఏ దేవుడి విగ్రహమో అనుకుని చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. నరసింహం వారించలేదు.

స్టేషన్ బయట బండి దగ్గర ఇడ్లీ, ప్లేటు ముప్పై రూపాయలు. వేరుశనగ చట్నీ మీద కారం పొడి జల్లి, దానిమీద నెయ్యి కాదు, నూనె పోశాడు. మా గోదావరి నాలుక ఒక్కసారి లేచి కూర్చుంది. "ఇంకేం కావాల అన్నా?" అన్నాడు బండి అబ్బాయి. మా వైపు తిట్టినా చివర ఒక 'అండి' తగిలించి తిడతాం. ఇక్కడ అండి లేదు, దాని బదులు అన్న ఉన్నాడు. గంటలో నాకు ఓ పదిమంది తమ్ముళ్ళయ్యారు.

చిల్లకూరు

గూడూరు నుంచి ఆటో. తోలేవాడు పెంచలయ్య, పోయినేడు నరసింహాన్ని దిబ్బ దగ్గరికి తీసుకెళ్ళినవాడు. చిల్లకూరు హైవే మీద టీ తాగడానికి ఆపాడు. గ్లాసు అందిస్తూ, "సార్, మా పాప పేరు మర్చిపోబాకండి. నీలవేణి," అన్నాడు.

"పాప పేరెందుకు?" అన్నాను నేను.

"ఎలక్కి పెడతానన్నాడు గదా సారు! మా ఇంట్లో అందరికీ తెలుసు. బళ్ళో టీచరమ్మక్కూడా చెప్పుకొనింది పాప."

నరసింహం వైపు చూశాను. హైవే మీద పోయే లారీల వెనక రాసినవన్నీ శ్రద్ధగా చదువుకుంటున్నాడు.

ఆటో ఎక్కాక నెమ్మదిగా అడిగాను. "పెద్ద గుంపురా ఇది, ఒకటి దొరికితే పక్కనే ఇంకోటి దొరుకుతుంది," అన్నాడు. ఎలుకల గురించో, పేర్ల గురించో నాకు అర్థం కాలేదు.

గవ్వలపాళెం

వరి చేలు అయిపోయి రొయ్యల గుంటలు మొదలయ్యాయి. వాటిలో చక్రాలు తిరుగుతూ నీళ్ళని తెల్లగా చిలుకుతున్నాయి. తర్వాత సరివి తోటలు, మా వైపు సరుగుడంటాం, ఆ తర్వాత దిబ్బ. మూడు తాటిచెట్ల ఎత్తుంటుంది. దాని వెనక సముద్రం చప్పుడు వినిపిస్తుంది గానీ కనిపించదు. దిబ్బకి ఈ పక్కన ఊరు, ఆ పక్కన పడవలు. దిబ్బ కాళ్ళ దగ్గర పసుపు రంగు పొక్లెయిన్ ఒకటి ఇసుకలోకి ముక్కు దింపి నిలబడి ఉంది.

మాకు బస తుఫాను షెల్టర్‌లో. ఊరి పెద్దని ఇక్కడ 'కాపు' అంటారు. ఇక్కడ అది పదవి. పోలయ్య ఆ ఊరి పెద్దకాపు, అరవై దాటిన మనిషి, వలతాళ్ళు లాగి లాగి వేళ్ళు వంకర్లు పోయాయి. మమ్మల్ని దిబ్బ మీదికి ఎక్కించి, ఏ తుఫానుకి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో కాలితో గీతలు గీసి చూపించాడు. అన్ని గీతలూ దిబ్బకి అవతలే ఆగిపోయాయి.

"టౌనోడెవరో రొయ్యల గుంటలకి దీన్ని లీజుకి తీసుకున్నాడంట. కాయితాలుండాయంట. దిబ్బ తీసేస్తే ఇంక మా ఊరు యాడుండాది సారూ?" అని, కాస్త తటపటాయించి అడిగాడు. "మీ ఎలక ఇక్కడుంటే దీన్ని ముట్టుకోబాకండని రాసిస్తారంట గదా?"

"కొత్త జాతి అని తేలిందా, ఇక్కడ గడ్డపార కూడా దించనివ్వరు!" అన్నాడు నరసింహం. ఉత్సాహం ఆపుకోలేక, "దానికి మీ అమ్మగారి పేరు పెడతాను," అని కూడా అన్నాడు.

ఆ మధ్యాహ్నం పోలయ్య భార్య మాకు చేపల పులుసు పెట్టింది. మామిడికాయ ముక్కలు వేసి, ముందురోజే చేసి ఉంచిందట. "ఈ పొద్దు చేసింది ఈ పొద్దే తింటే దాంట్లో ఏముండాది?" అంది. పులస తిన్న జిల్లావాణ్ణి కదా, పైకి తలూపి లోపల పోల్చుకుందామనుకున్నాను. మూడో ముద్దకి ఆ సంగతే మర్చిపోయాను. ఈ విషయం మా ఊళ్ళో నేను చెప్పినట్టు ఎవరికీ చెప్పకండి.

చెంచమ్మ

దిబ్బకి ఊరివైపు కొసన, సరివి తోట పక్కన ఒక్కటే గుడిసె ఉంది. అందులో ఉండేది చెంచమ్మ. యానాది మనిషి, యాభై ఏళ్ళుంటాయి. వరి పొట్టకొచ్చే కాలంలో రైతులు ఎలుకలు పట్టడానికి ఆమె ఇంటికొచ్చి పిలుచుకుపోతారు. నరసింహం తెచ్చిన రేకు బోన్లు పది దిబ్బ మీద పెట్టించాడు. చెంచమ్మ వాటిని ఒకసారి చూసి, ఏమీ అనకుండా తన దారిన తను వెళ్ళి ఇసుక మీది గుర్తులు చూసుకుంటూ కలుగులు కొన్ని మూసింది, కొన్ని వదిలింది.

పొద్దున్నే చూస్తే మా బోన్లలో పడింది ఒక్క పీత. చెంచమ్మ వల సంచిలో అయిదు ఎలుకలు. చక్కటి జంతువులు! పెద్ద నల్లటి కళ్ళు, పొట్ట తెలుపు, వదిలితే వెనక్కాళ్ళ మీద బారెడు దూరం గెంతుతున్నాయి. నరసింహం ఒక్కొక్కదాన్నీ చూసి మొహం వేలాడేశాడు. అన్నిటికీ తోక కుచ్చు ఉంది.

"ఇవి మామూలు జాతి. వదిలెయ్యండి."

ఆమె వదిలేసింది. రెండో రోజూ అంతే. ఆరు వచ్చాయి, ఆరింటికీ కుచ్చులు. ఈలోగా నేను పెట్టెలోని దాన్ని ముందు పెట్టుకుని బొమ్మ గీస్తున్నాను. భూతద్దంలో తోక చివర నల్లగా, ఎండిన చిన్న మచ్చలాంటిది కనిపించింది. "అదేం లేదు, చర్మం ఎండి ముడుచుకుంది. గుండ్రంగా గీసెయ్," అన్నాడు నరసింహం. గుండ్రంగా గీసేశాను. సుబ్బారావైకి ఆ మచ్చ బాగుండదని నాకూ అనిపించింది.

ఆ సాయంత్రమే ఒక విలేకరి మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. నరసింహం తలకి నీళ్ళు రాసుకుని దువ్వుకుని కూర్చున్నాడు.

"ఎట్టుంటాది సార్ ఇది?"

"కంగారూ ఉంది చూశారూ, అలా వెనక్కాళ్ళ మీద గెంతుతుంది."

"పిల్లల్ని సంచిలో మోస్తాదా?"

లేదు అని ఒక్క మాట అంటే అయిపోయేది. నరసింహం గడ్డం నిమురుకుని, "ఇంకా లోతుగా పరిశీలించాలి," అన్నాడు.

కంగారూ

మర్నాడు పేపర్లో అచ్చయింది: 'గవ్వలపాళెంలో కంగారూ!' పక్కన ఎక్కడినుంచో తెచ్చి వేసిన కంగారూ ఫోటో, కింద నరసింహం ఫోటో. ఆ రెండింట్లో ఏది ఎవరో అడిగే అవసరం లేకుండా కింద పేర్లు కూడా వేశారు.

తొమ్మిదింటికల్లా గూడూరు నుంచి, మనుబోలు నుంచి కార్లు వచ్చేశాయి. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని దిబ్బ ఎక్కుతున్నారు. పదింటికి వేరుశనక్కాయల బండి, పదకొండింటికి ఐస్‌క్రీం. మామూలుగా పది రూపాయల కొబ్బరి నీళ్ళ ఐసు ఆ రోజు ఇరవై. పొట్లం కట్టే కాగితం కూడా కంగారూ ఉన్న పేపరే. పుట్టినప్పటినుంచి ఆ ఎలుకల మధ్యే తిరిగిన ఊరివాళ్ళు కూడా అడిగినవాళ్ళకి సముద్రం వైపు చెయ్యి చూపించి, "ఇప్పుడే అట్టా పోయింది," అంటున్నారు. ఒకావిడ అది నడుమెత్తు ఉంటుందని చెప్పింది. సాయంత్రానికి ఆమే భుజమెత్తు అంది.

మేలు మాత్రం ఒకటి జరిగింది. జనం అడ్డం నిలబడటంతో పొక్లెయిన్ ఆగిపోయింది.

మధ్యాహ్నం జీపులో ఒక అధికారి దిగాడు. ఆయనది ఏ శాఖో చివరిదాకా నాకు తెలియలేదు. అడిగితే 'సంబంధిత శాఖ' అన్నాడు. వెంట లీజుదారు మనిషి ఉన్నాడు. అధికారి కుర్చీ వేయించుకుని విషయాన్ని మూడు ముక్కలు చేశాడు.

"కంగారూ అయితే అది విదేశీ జంతువు. ఎవరు తెచ్చారో వాళ్ళ మీద కేసవుతుంది. కొత్త జాతి అయితే పైకి రాయాలి, పైనుంచి వచ్చేదాకా పని ఆపాలి. మామూలు ఎలక అయితే ఎవురికీ ఇబ్బంది లేదు, పని జరిగిపోతుంది. రేపు పదింటికొస్తా ప్రొఫెసర్ గారూ. ఇది ఇక్కడ తప్ప ఇంకెక్కడా లేదని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి చాలు."

పోలయ్య మా ఇద్దరి వైపూ చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. నడిసముద్రంలో ఇంజను ఆగిపోయినవాడు అవతలి పడవ వైపు చూసినట్టు చూశాడు.

తోక

మర్నాడు ఆరింటికి చెంచమ్మ వల సంచి తెచ్చి మా ముందు పెట్టింది. అందులో ఒకటి బాగా ముదురుది, ఎండకి వెలిసిన గోనెసంచి రంగులో ఉంది. దాని తోక చివర సంచి మడతలో పడి కనిపించట్లేదు. నరసింహం "ఇదే!" అని చెయ్యి పెట్టాడు. అది గెంతింది. వాడు తోక అందుకున్నాడు.

పట్టుకున్న తోక చివర వాడి వేళ్ళ మధ్య మిగిలిపోయింది. కుచ్చుతో సహా చర్మం తొడుగులా ఊడొచ్చింది. ఎలుక ఇసుకలో పడి పరిగెత్తబోయింది. చెంచమ్మ అరచేయి బోర్లించి దాన్ని ఒడుపుగా పట్టుకుని, మెడ దగ్గర పట్టి, వెనక భాగం మావైపు తిప్పింది.

"చూడండి సామీ. మీ కొత్తెలక."

కుచ్చు లేదు. తోక పొట్టి. ఇసుక రంగు. మూడు రోజులుగా మేము దిబ్బంతా వెతుకుతున్న జాతి మా కళ్ళ ముందే, నరసింహం చేతిలోనే పుట్టింది.

వాడు వేళ్ళ మధ్యనున్న కుచ్చుని చూసుకుంటూ ఇసుకలో కూర్చుండిపోయాడు.

"ఇది ఎర్రెలక. దీని తోక పట్టకూడదు సామీ. తొక్క వదిలేసి పారిపోద్ది. పాము పట్టినా, పిల్లి పట్టినా అంతే. పుండు మానినాక ఇంక కుచ్చు రాదు."

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"అదేం ఎలకని మీరు అడగలేదు గదా. ఏం పేరు పెట్టాలనే మాట్లాడుకుంటా ఉండారు."

పోయినేడు దొరికినదాన్నీ నరసింహం తోక పట్టే లాగాడట. చేతికి ఏదో మెత్తగా తగిలితే ఇసుక అనుకుని దులిపేశాడట.

ఏడు దాటింది. పదింటికి అధికారి వస్తాడు. షెల్టర్ అరుగు మీద ఇద్దరం కూర్చున్నాం.

"ఒక్క సంతకంరా. ఊరు మిగులుతుంది. నిజం చెబితే ఎవడు బాగుపడతాడు? ఆ రొయ్యలవాడు!" అన్నాడు నరసింహం. "నీ బొమ్మ ఇవ్వు. గుండ్రంగా గీశావు కదా, అది చాలు."

వాడన్నదాంట్లో తప్పు ఎక్కడుందో చెప్పడం నాకు చాతకాలేదు. దిబ్బ మీద పోలయ్య గీసిన గీతలు నేనూ చూశాను. కానీ ఆ బొమ్మలో అబద్ధం వాడిది కాదు, నా పెన్సిల్‌ది. మచ్చ నేను చూశాను. చూసి చెరిపేశాను. ముప్పై ఏళ్ళు పిల్లల రికార్డు పుస్తకాల్లో 'చూసింది గీయి, తెలిసింది కాదు' అని ఎర్ర సిరాతో రాసినవాణ్ణి నేనే. రబ్బరు తీసి తోక చివర తుడిచాను. మచ్చని ఉన్నదున్నట్టు గీసి వాడి చేతిలో పెట్టాను.

"నేను ఇవ్వగలిగింది ఇదేరా. ఏం రాసుకుంటావో నీ ఇష్టం."

వాడు నన్ను నానా మాటలూ అన్నాడు. అవి అచ్చుకి పనికిరావు.

పదింటికి ఊరంతా దిబ్బ కింద చేరింది. అధికారి కాగితం చాపాడు, లీజుదారు మనిషి పెన్ను ఇచ్చాడు. నరసింహం పెన్ను మూత తీసి, సంతకం చేసే చోట పెట్టి, అక్కడే ఆగిపోయాడు. తర్వాత పెన్ను మూత పెట్టేశాడు.

"ఇది ఎర్రెలుక. కంగారూ కాదు, కొత్తదీ కాదు. దేశమంతా ఉంటుంది. తోక నేను ఊడగొట్టాను."

జనంలోంచి మూలుగులాంటి చప్పుడు వచ్చింది. నరసింహం గొంతు పెంచాడు. "అయినా సరే ఈ దిబ్బ తవ్వకూడదు. తవ్వితే సముద్రం ఊళ్ళోకొస్తుంది!"

"అది మీ సబ్జెక్టు కాదు గదండీ," అన్నాడు అధికారి మర్యాదగా. ఆ నాలుగు రోజుల్లో నాకు వినిపించిన ఒకే ఒక్క 'అండి' అది.

దురాయి

అధికారి వెళ్ళగానే పోలయ్య ఊరి పెద్దలతో అక్కడికక్కడే కూర్చుని దురాయి వేశాడు. దురాయి అంటే ఊరి కట్టుబాటు. ఎవరి మీద వేస్తే వాళ్ళతో ఎవరూ మాట్లాడరు, నీళ్ళివ్వరు, నిప్పివ్వరు. మొదట పొక్లెయిన్ తోలేవాడి మీద వేశారు. తర్వాత మా ఇద్దరి మీద.

నిన్నటిదాకా పులుసు పెట్టిన ఇంటి ముందు నిలబడి మంచినీళ్ళడిగితే ఆవిడ తలుపు వేసుకుంది. తలుపు వేసేటప్పుడు ఆవిడ కళ్ళు తుడుచుకోవడం చూశాను. అందుకే కోపం తెచ్చుకోలేకపోయాను. పెంచలయ్య ఆటో సాయంత్రానికి గాని రాదు. టీ కొట్టువాడు ఖాళీ గ్లాసులు మా ఎదుటే బోర్లించాడు.

ఒంటిగంట ఎండలో చెంచమ్మ గుడిసె దగ్గరికి చేరాం. ఆమెది ఆ ఊరి కట్టు కాదు, దురాయి ఆమెకి అంటదు. అప్పటికే అక్కడ ఒకతను నీడలో కూర్చుని ఉన్నాడు. పొక్లెయిన్ తోలేవాడు, కావలి ఊరి మనిషి. మమ్మల్ని చూసి కొంచెం జరిగి చోటిచ్చాడు. ఊరు వెలేసిన ముగ్గురికీ చెంచమ్మ రాగి అంబలి పోసి, కాల్చిన ఎండు చేప తలా ఒకటి పెట్టింది. అంబలిలో ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగాలి. మా వైపు ఇప్పుడు రాగి అంబలిని షుగర్ ఉన్నవాళ్ళ కోసం సూపర్ మార్కెట్లో గాజుసీసాల్లో అమ్ముతున్నారు. అది ఇది కాదు.

"నాకేమన్నా సరదానా సార్? తవ్వమన్న చోట తవ్వేది నా పని," అన్నాడు కావలి మనిషి, ఎవరూ అడగకుండానే.

"తవ్వినాక నీకు అంబలి యాడ పుట్టాల?" అంది చెంచమ్మ. "నా గుడిసె గూడా దిబ్బ మీదే ఉండాది. తాగు. తాగి ఆ బండి తీసుకోని పో."

అతను తాగాడు. గ్లాసు కడిగి బోర్లించి, లేచి వెళ్ళి ఎవరికో ఫోన్ చేశాడు. నీళ్ళూ తిండీ లేని చోట పని చేయలేననీ, వేరే మనిషిని చూసుకోమనీ చెప్పడం మాకు వినిపించింది. సాయంత్రం మా ఆటో వెనకే ఆ పసుపు బండి లారీ మీద ఎక్కి గూడూరు దారి పట్టింది. ఇంకో మనిషి వస్తాడని అందరికీ తెలుసు.

చిల్లకూరులో టీకి ఆపినప్పుడు నరసింహం పెంచలయ్య పక్కన నిలబడి, "మీ పాపకి క్షమించమని చెప్పు. పేరు పెట్టడానికి ఏమీ దొరకలేదు," అన్నాడు. నాకు మాత్రం క్షమాపణ చెప్పలేదు. నేను అడగనూ లేదు.

తణుకులో

నెల తిరక్కుండా నరసింహం రెండు పేజీల వ్యాసం రాశాడు. ఎర్రెలుక తోక తొక్క ఊడితే అది కొత్త జాతిలా ఎలా కనిపిస్తుందో, చూసినవాడు ఎలా మోసపోతాడో, మోసపోయినవాడు తానేనని చెప్పుకుంటూ రాశాడు. వాడి సర్వీసులో అంత బాగా రాసింది ఇంకోటి లేదని నా అభిప్రాయం. రాసినవాళ్ళుగా మూడు పేర్లు పెట్టాడు: తనది, నాది, చెంచమ్మది. "తోక సంగతి కనిపెట్టింది ఆమే కదా," అన్నాడు.

పత్రికవాళ్ళ ఫారంలో పేరు పక్కన సంస్థ, చిరునామా అని ఒక గడి ఉంది. ఖాళీగా వదిలితే ఫారం ముందుకి పోదు. పెంచలయ్యకి ఫోన్ చేసి చెంచమ్మ చేతికి ఇప్పించాను.

"మీది ఎక్కడని రాయమంటారమ్మా?"

"దిబ్బే గదా సామీ!"

'గవ్వలపాళెం దిబ్బ' అని రాసేశాం. అలాగే అచ్చయింది. నరసింహం ఒక ప్రతి ఆ సంబంధిత శాఖకి పంపాడు. మర్యాద కోసం పంపానన్నాడు, కసితో పంపాడని నాకు తెలుసు.

పోయిన వారం పెంచలయ్య ఫోన్ చేసి, మాట్లాడమని చెంచమ్మకి ఇచ్చాడు. వెనక పోలయ్య గొంతు కూడా వినిపించింది, ఏదో అందిస్తున్నాడు. దురాయి తీసేసినట్టున్నారు. జీపులో ముగ్గురు వచ్చారట. చేతిలో మా వ్యాసం ఉందట. గవ్వలపాళెం దిబ్బ అనే సంస్థ రికార్డులో కనపడుతోంది, అది తేలేదాకా లీజు పరిశీలనలో పెట్టాం అన్నారట.

"సంస్థ యాడుండాది, బోర్డు యాడుండాది అని అడిగినారు సామీ."

"మీరేమన్నారు?"

"నేనే అని చెప్పినా. కూర్చోమన్నా. రాసుకోనిపోయినారు."